చేతిగీత కార్టూన్లను చిత్రకళగా చూడాలంటే దేనితో మొదలుపెట్టాలి?

చిన్నప్పుడు కార్టూన్లు చూసినవారందరికీ ఒక రహస్యం తెలుసు. గోడ నిండా అలమర తలుపులు ఉన్నా ఏ తలుపు తెరుచుకోబోతోందో, కొండ మీద ఎన్ని రాళ్లున్నా ఏ రాయి దొర్లిపడబోతోందో ముందే తెలిసిపోయేది. ఆ ఒక్కటి మాత్రం చుట్టూ ఉన్నవాటికన్నా కాస్త వేరే రంగులో, చదునుగా, అంచు వెంట గీతతో కనిపించేది. దాన్ని లోపమనేవారు ఉన్నారు. నాకు మాత్రం ఈ కళ ఎలా తయారవుతుందో చెప్పే మొదటి పాఠం ఆ తలుపే. కదలనిదంతా నేపథ్యం, దాన్ని ఒక చిత్రకారుడు కాగితం మీద నీటిరంగులతో వెలుగునీడలు దిద్ది వేస్తాడు. కదిలేదంతా పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకు మీద ఉంటుంది. ముందువైపు సిరాగీత, వెనకవైపు నీడల్లేకుండా నింపిన రంగు. ఆ రేకును ‘సెల్’ అంటారు. నేపథ్యం మీద సెల్‌లను ఒకదానిపై ఒకటి పరచి, పైనుంచి కెమెరాతో ఒక్కొక్క ఫ్రేమే, అంటే ఫిల్మ్ మీద ఒక్కొక్క నిశ్చల చిత్రమే తీసేవారు. తెరుచుకునే తలుపు సెల్ మీద ఉంటుంది, తెరుచుకోని తలుపులు కాగితం మీద ఉంటాయి. మన కన్ను పట్టుకున్నది ఆ తేడానే.

ఆ తేడాను పట్టుకున్న కన్ను ఉన్నవారికి, పెద్దయ్యాక ఆ పాత చిత్రాలను మళ్లీ, ఈసారి బొమ్మల కోసమే చూడాలనిపించడం సహజం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, 1930ల నుంచి 1960ల మొదటిదాకా అమెరికన్ స్టూడియోలు తీసినవే వందల్లో ఉన్నాయి. ఏది పడితే అది పెట్టుకుంటే కథతో నవ్వుకొని లేచిపోతాం, బొమ్మ మాత్రం కంటికి ఆనదు. అందుకని ఏ స్టూడియో చిత్రం దేనికోసం చూడాలి, ఏది ముందు, ఏది తరువాత అన్నది నాకు తెలిసినంతలో, నా ఇష్టాయిష్టాలను దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

పూర్తి నిడివి చిత్రమా, పొట్టి చిత్రమా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. నా సలహా పొట్టి చిత్రమే. ఆనాటి పొట్టి కార్టూన్ సుమారు ఏడు నిమిషాలు ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది 10,080 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా, తెరమీద ఒక్క పాత్రే ఉన్నా, 5,000కు పైగా బొమ్మలు కావాలి. అన్ని బొమ్మలను ఒక్క చూపులో చూడడం ఎవరివల్లా కాదు కాబట్టి ఒకే చిత్రాన్ని మూడుసార్లు చూడాలి: ఒకసారి మామూలుగా, రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి, మూడోసారి పాత్రలను వదిలేసి వెనకున్న గోడలను, చెట్లను, ఆకాశాన్ని మాత్రమే. డెబ్బై నిమిషాల చిత్రాన్ని ఇలా చూడమంటే ఎవరూ చూడరు. ఏడు నిమిషాలదైతే ఒక్క సాయంత్రం చాలు.

ఒకే రాగం, ఇద్దరు వాద్యగాళ్లు

మొదటి సాయంత్రానికి నేను ఎంచుకునేది ఒక జంట. 1946 నవంబరులో వార్నర్ బ్రదర్స్ వారి ‘రాప్సడీ రాబిట్’, 1947 ఏప్రిల్‌లో ఎం.జి.ఎం. వారి ‘ద క్యాట్ కాన్సెర్టో’ విడుదలయ్యాయి. రెండింటిలోనూ ఒక జంతువు సూటు వేసుకొని కచేరీ వేదిక మీద పియానో ముందు కూర్చుంటుంది. రెండూ వాయించేది ఫ్రాంజ్ లిస్ట్ అనే స్వరకర్త కూర్చిన హంగేరియన్ రాప్సడీ రెండవదే. రెండింటిలోనూ పియానోలో ఒక ఎలుక ఉంటుంది. ఇంత దగ్గరి పోలిక చూసి రెండు స్టూడియోలూ ఒకదాన్నొకటి అనుమానించుకున్నాయి. ఎవరు ఎవరిని చూసి తీశారన్న తగువు మనకు అక్కరలేదు. ఒకే వస్తువు, ఒకే సంగీతం, ఇద్దరు వేరు వేరు చేతివాటం గల బృందాలకు దొరికితే ఏమవుతుందో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఇంతకన్నా బాగా మరెక్కడా దొరకదు.

ముందు ‘ద క్యాట్ కాన్సెర్టో’ చూడండి. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా దర్శకత్వంలో వచ్చిన ఈ టామ్ అండ్ జెర్రీ చిత్రానికి 1946వ సంవత్సరపు ఆస్కార్ దక్కింది. ఇందులో మాటలు లేవు. శబ్దం తీసేసి టామ్ చేతులను మాత్రమే చూడండి. చాలా కార్టూన్ పాత్రలకు చేతికి నాలుగు వేళ్లే ఉంటాయి. అయినా ఆ నాలుగు వేళ్లూ పియానో మెట్ల మీద ఎక్కడ దిగుతున్నాయో, మణికట్టు ఎప్పుడు లేచి ఎప్పుడు వాలుతోందో చూస్తుంటే, శబ్దం లేకపోయినా పాట ఎక్కడ నెమ్మదించిందో, ఎక్కడ పరుగందుకుందో తెలిసిపోతుంది. అంతకన్నా నాకిష్టమైనది టామ్ ముఖం. కనురెప్పలు సగం వాల్చి, గడ్డం కాస్త పైకెత్తి, ఈ ప్రపంచంలో తనకూ పియానోకూ తప్ప ఎవరికీ చోటు లేదన్నట్టు కూర్చుంటాడు. జెర్రీ లోపలినుంచి అల్లరి మొదలుపెట్టాక కూడా ప్రేక్షకుల ముందు ఆ హుందాతనం పోగొట్టుకోకూడదని చూస్తాడు: చేతులు ఎలుకను వెంటాడుతుంటే కాళ్లతో మెట్లు నొక్కుతాడు, ముఖంలో మాత్రం గాంభీర్యం సడలనివ్వడు. నవ్వు పుట్టేది ఆ రెండింటి మధ్య దూరంలోనే. చివరికి జుట్టు రేగి, సూటు చీలికలై కుప్పకూలే టామ్‌ను, మొదట్లో నడిచివచ్చిన టామ్‌తో పోల్చి చూడండి. ఏడు నిమిషాల్లో ఒక రూపాన్ని ఎంత క్రమంగా శిథిలం చేశారో అర్థమవుతుంది.

వెంటనే ‘రాప్సడీ రాబిట్’ పెట్టండి. ఫ్రిజ్ ఫ్రెలెంగ్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో కుందేలు బగ్స్ బన్నీ వాయిద్యంలో మునిగిపోడు. దగ్గుతున్న శ్రోతను తుపాకీతో కాల్చి పడేస్తాడు, మధ్యలో ఫోను వస్తే ఎత్తి మాట్లాడతాడు, ప్రతి చేష్ట తరువాతా మనవైపు ఓరకంట చూస్తాడు. ఫ్రెలెంగ్ తన చిత్రాల కదలికలను సంగీతపు గళ్ల కాగితం మీద, తాళం లెక్కన రాసుకునేవాడు. అందుకే ఇక్కడ అందం గీతలో కన్నా ఆగడంలో ఉంది: ఏ దెబ్బకు ముందు ఎన్ని ఫ్రేముల పాటు బొమ్మ నిశ్చలంగా నిలిచిందో లెక్కపెట్టి చూస్తే, ఆ నిశ్చలత్వమే నవ్వును పట్టి ఉంచిందని తెలుస్తుంది.

బొమ్మ నునుపు, నటన, చేతుల చిత్రణ కావాలంటే ఎం.జి.ఎం.; సమయపాలన, తెగువ కావాలంటే వార్నర్. కొత్తగా చూసేవారికి నేను మొదటిదానికే ఓటు వేస్తాను, ఎందుకంటే అందులో చూడవలసింది తెరమీదే పరిచి ఉంటుంది. ఫ్రెలెంగ్ పనితనం రెండోసారి గానీ కంటికి చిక్కదు.

నేపథ్యం కోసం చూసేవారికి

పాత్రలకన్నా వెనకున్న చిత్రాలే మనసుకు పట్టేవారు డిస్నీ పూర్తి నిడివి చిత్రాల వైపు వెళ్లాలి. ఇక్కడ మూడు దారులున్నాయి, మూడూ ఒకదానికొకటి పొసగనివి.

మొదటిది లోతు. 1937లో ‘ది ఓల్డ్ మిల్’ అనే పొట్టి చిత్రంలో డిస్నీ స్టూడియో మల్టీప్లేన్ కెమెరాను వాడింది. నేపథ్యాన్ని ఒకే కాగితం మీద కాకుండా, ఒకదానికింద ఒకటిగా ఎడంగా అమర్చిన గాజు పలకల మీద ముక్కలుగా వేసి, పైనుంచి తీసే నిలువెత్తు యంత్రమది. కెమెరా కదిలినప్పుడు దగ్గరి చెట్టు వేగంగా, దూరపు కొండ నెమ్మదిగా జరుగుతాయి. 1940 నాటి ‘పినోకియో’లో తెల్లవారే ఊరిని చూపే దృశ్యం ఈ పద్ధతికి పరాకాష్ఠ. గంటల గోపురం నుంచి మొదలై, ఇంటికప్పుల మీదుగా, కమానుల కిందుగా, బడికి వెళ్లే పిల్లల దాకా కెమెరా దిగివస్తుంది. అద్భుతమే, కాదనను. అయితే అది చూస్తున్నంతసేపూ నాకు యంత్రం గుర్తొస్తుంటుంది.

రెండవది వదిలేయడం. దీనికి ఉదాహరణ 1942 నాటి ‘బాంబి’, దాని వెనకున్న మనిషి టైరస్ వాంగ్. 1910లో చైనాలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన వాంగ్ 1938లో డిస్నీలో ఇన్‌బిట్వీనర్‌గా కుదిరాడు; అంటే రెండు ముఖ్య భంగిమల మధ్య వచ్చే బొమ్మలను వేసే, పేరు రాని ఉద్యోగం. అప్పటికి ‘బాంబి’ కోసం వేసిన అడవి చిత్రాల్లో ప్రతి ఆకూ, ప్రతి గడ్డిపోచా స్పష్టంగా ఉండడంతో జింకపిల్ల వాటి మధ్య కనబడకుండా పోతోంది. వాంగ్ తనంతట తానుగా కొన్ని చిన్న చిత్రాలు వేసి చూపించాడు. చైనాలో సోంగ్ రాజవంశం కాలపు కొండల చిత్రాల సంప్రదాయం తెలిసిన చేయి అది. అడవిని వేయకుండా అడవి తాలూకు తేమను, పొగమంచును, చెట్ల మధ్య జారే వెలుగును వేశాడు. నడుమ కాస్త చోటు వెలుగుతో ఖాళీగా ఉంచి, అంచులకు వెళ్లేకొద్దీ ఆకులను రంగులో కరగనిచ్చాడు. జింకపిల్ల నిలబడేది ఆ ఖాళీలోనే. చిత్రం మొత్తానికి ఆ పద్ధతినే తీసుకున్నారు. పేర్ల జాబితాలో మాత్రం ఆయన పలువురు నేపథ్య చిత్రకారుల్లో ఒకడిగా మిగిలాడు. డిస్నీ స్టూడియో ఉద్యోగులు చేసిన 1941 సమ్మె అనంతరం ఆ ఉద్యోగమూ పోయింది. ఆయన 106 ఏళ్లు బతికి 2016లో కన్నుమూశాడు; గుర్తింపు వచ్చింది గానీ చాలా ఆలస్యంగా వచ్చింది.

‘బాంబి’లో తొలి వాన పడే దృశ్యం దగ్గర ఆపి చూడండి. దూరపు చెట్లకు కాండాలు లేవు, నిలువుగా జారిన బూడిదాకుపచ్చ కుంచెతడి మాత్రమే ఉంది. అంతా చూశామనుకుంటాం, నిజానికి చిత్రకారుడు పదోవంతు కూడా వేయలేదు. దీనికి విరుద్ధంగా జింకలను ఎముకల దాకా నేర్చుకొని వేశారు: స్టూడియోకు రెండు జింకపిల్లలను తెప్పించారు, రికో లెబ్రన్ అనే చిత్రకారుడు యానిమేటర్లకు జంతుశరీర నిర్మాణం బోధించాడు. నేపథ్యం కరిగిపోతూ, ముందున్న ప్రాణి కండరాలతో సహా నిలబడడం వల్లనే ఈ చిత్రం ఎనభై ఏళ్లు దాటినా పాతబడలేదని నా నమ్మకం.

మూడవది ఏదీ వదలకపోవడం. 1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’కి ఐవిండ్ అర్ల్ వేసిన నేపథ్యాల్లో ముందున్న గడ్డిపరకా, అల్లంత దూరాన కోట బురుజూ సమానమైన స్పష్టతతో ఉంటాయి. చెట్లు చతురస్రంగా, కొమ్మలు అడ్డంగా, గోడలు నిట్టనిలువుగా, మధ్యయుగపు ఐరోపా తెరనేత వస్త్రాల్లో కనిపించే వరసలో ఉంటాయి. దాన్ని సూపర్ టెక్నిరామా 70 అనే విశాలమైన తెరకు తీశారు కాబట్టి, ఒక్కో ఫ్రేమును గోడకు తగిలించుకోవచ్చు. అక్కడే నాకున్న పేచీ కూడా. ఆ చిత్రాలు ఎంత నిండుగా ఉన్నాయంటే పాత్రలు వాటి ముందు అతికించినట్టుంటాయి. ఆ రోజుల్లో పనిచేసిన యానిమేటర్లలోనూ కొందరికి ఇదే బాధ ఉండేది. మాలిఫిసెంట్ మాత్రం దీనికి మినహాయింపు. నలుపు, ఊదా రంగుల్లో, నిలువు గీతల్లో యానిమేటర్ మార్క్ డేవిస్ రూపొందించిన ఆ మంత్రగత్తె అర్ల్ లోకంలోనే పుట్టినట్టు ఇమిడిపోయింది.

మూడింటిలో ఒక్కటే చూసే తీరిక ఉంటే ‘బాంబి’ చూడండి. బొమ్మలు వేయడం వచ్చినవారు, అలంకరణను ఇష్టపడేవారు ‘స్లీపింగ్ బ్యూటీ’తో మొదలుపెట్టినా తప్పులేదు, కానీ దాన్ని ఫోన్‌లో చూడకండి, ఆ వెడల్పంతా అరచేతిలో ఇరుక్కుపోతుంది.

గీత కోసం చూసేవారికి

బాపు గీతను చూస్తూ పెరిగిన తెలుగువారికి గీత అంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు. కుంచె ఒత్తిడి ఎక్కడ పెరిగి, ఎక్కడ సన్నబడి, ఎక్కడ గాలిలో ఆగిపోయిందో చూసి మురిసిపోయే అలవాటు మనకుంది. అలాంటి కంటికి తొలినాటి డిస్నీ చిత్రాల గీత కొంచెం చప్పగా అనిపించవచ్చు. యానిమేటర్ పెన్సిల్‌తో వేసినదాన్ని సిరా విభాగంలో పనిచేసే స్త్రీలు సెల్ మీద చేతితో దించేవారు. వారి చేతి నిలకడ అపారం. కానీ పెన్సిల్ గీతలోని తొందర, తడబాటు, ఒత్తిడి ఆ దించడంలో చదునైపోయేవి.

1961 నాటి ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్’తో ఆ పద్ధతి మారింది. డిస్నీ స్టూడియో సాంకేతిక నిపుణుడు అబ్ ఐవర్క్స్ జిరాక్స్ పద్ధతిని యానిమేషన్‌కు అనువుగా మలచడంతో పెన్సిల్ గీత నేరుగా సెల్ మీదికి వచ్చింది. వందకు పైగా కుక్కలకు మచ్చలతో సహా సిరా దించే భారం తప్పించడానికి చేసిన ఏర్పాటది. ఖర్చు తగ్గించే ఏర్పాటే అయినా దానివల్ల యానిమేటర్ల సొంత చేయి తెరమీద నేరుగా కనిపించింది. ప్రతినాయిక క్రుయెల్లా మోచేయి దగ్గర ఆపి చూడండి: గరుకైన నల్లగీతలు ఒకదానిమీద ఒకటి పడి, చెరపని మొదటి గీత కూడా పక్కనే ఉంటుంది. నేపథ్యాలకూ అదే న్యాయం చేశారు. ఇంటి గోడలు, కుర్చీలు ముందు గీతగా వచ్చి, వాటి కింద రంగు అంచులు దాటి విచ్చలవిడిగా పరుచుకుంటుంది. వాల్ట్ డిస్నీకి ఈ రూపం అంతగా నచ్చలేదంటారు. నాకైతే ఆ స్టూడియో చిత్రాల్లో గీతకు సంబంధించినంతవరకు ఇదే మొదటి వరుసలో ఉంటుంది, ‘సిండరెల్లా’ నునుపు దీని ముందు నిలవదు.

గీతను దాటి భంగిమను చూడాలనుకుంటే వార్నర్‌లో దర్శకుడు చక్ జోన్స్ చిత్రాలకు రావాలి. యానిమేటర్లు ఒక పరీక్ష పెట్టుకుంటారు: పాత్రను నల్లటి నీడగా మార్చినా అది ఏం చేస్తోందో తెలియాలి. తోలుబొమ్మలాట చూసినవారికి ఇది కొత్త కాదు; తెరమీద పడిన ఆకారంలోనే కోపం, వేడుకోలు, గర్వం తెలియకపోతే ఆ బొమ్మ పనికిరాదు. జోన్స్ పాత్రలు ఈ పరీక్షలో తప్పవు. 1942 నాటి ‘ద డోవర్ బాయ్స్’లో పాత్రలు ఒక భంగిమ నుంచి మరో భంగిమకు దూకుతాయి, మధ్యలో ఒకటి రెండు ఫ్రేముల్లో మనిషి రూపమే ఉండదు, రంగు చారలా సాగిన ముద్ద ఒకటి ఉంటుంది. ఆ ఫ్రేము దగ్గర ఆపితే చేయి జారి రంగు ఒలికినట్టుంటుంది, వదిలితే మాత్రం ఆ కదలిక చురుక్కుమని తగులుతుంది.

జోన్స్‌తో పనిచేసిన మోరిస్ నోబుల్ రూపకల్పన చేసిన 1957 నాటి ‘వాట్స్ ఓపెరా, డాక్?’ను మాత్రం ఎవరూ వదలకూడదు. కొండమీద మేఘాలను ఆడిస్తున్న ఒక మహాకాయుడి నీడ తెరనిండా లేస్తుంది. కెమెరా కిందికి దిగితే ఆ నీడకు మూలం పొట్టి వేటగాడు ఎల్మర్ ఫడ్. ఆ తరువాత ఆకాశం పసుపు, ఊదా, రక్తపు ఎరుపు రంగుల్లోకి మారేది కథలోని కోపతాపాలను బట్టి మాత్రమే. ఎండను, సాయంత్రాన్ని చూపడానికి ఒక్క రంగూ వాడలేదు. దీనికి ముందు 1953 నాటి ‘డక్ అమక్’ చూడడం మంచిది. అందులో కనబడని చిత్రకారుడు డాఫీ డక్ వెనకున్న నేపథ్యాన్ని చెరిపేస్తాడు, శబ్దం తీసేస్తాడు, రంగు మార్చేస్తాడు, చివరికి ఫ్రేమునే అతని మీద కూల్చేస్తాడు. ఒక్కొక్కటీ తీసేసినప్పుడే ఇన్నాళ్లూ అది అక్కడ ఉందని మనకు తెలుస్తుంది.

మిగిలిన రెండు దారులు

ఫ్లైషర్ సోదరుల చిత్రాలు అందరికీ నచ్చవు. న్యూయార్క్‌లో మొదలైన వారి స్టూడియో బెట్టీ బూప్‌ను, పొపాయ్ కార్టూన్లను ఇచ్చింది. ఆ తొలి నలుపుతెలుపు చిత్రాల్లో కుర్చీలు, దీపాలు సైతం ఊగుతూ ఉంటాయి. మల్టీప్లేన్‌కు వారి జవాబు మరొకటి. తిరిగే బల్ల మీద నిజమైన చిన్న మట్టిగుహలను, కొండలను కట్టి, వాటి ముందు సెల్ నిలబెట్టి చిత్రించేవారు. 1936 నాటి ‘పొపాయ్ ద సెయిలర్ మీట్స్ సింద్‌బాద్ ద సెయిలర్’లో సింద్‌బాద్ నడుస్తుంటే వెనక గుహ తిరుగుతుంది, చదునైన బొమ్మ, నిజమైన నీడ పక్కపక్కన ఉండడం కలలో చూసినట్టుంటుంది. నీడల కోసం చూడాలంటే 1941లో వారు మొదలుపెట్టిన సూపర్‌మ్యాన్ పొట్టి చిత్రాలు, ముఖ్యంగా ‘ద మెకానికల్ మాన్‌స్టర్స్’ ఎంచుకోండి. రాత్రి నగరాన్ని అంత గాఢమైన నలుపులో చేతితో వేసినవారు అప్పటికి మరొకరు లేరనే నేననుకుంటాను.

యూపీఏ (యునైటెడ్ ప్రొడక్షన్స్ ఆఫ్ అమెరికా) స్టూడియోది పూర్తిగా ఎదురుదారి. 1941 సమ్మె తరువాత డిస్నీని వదిలినవారు పలువురు అందులో చేరారు. లోతు, కండరాలు, నీడలు అన్నీ పక్కనపెట్టి, కాగితం కాగితంలాగే కనిపించాలనుకున్నారు. 1950 నాటి ‘జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్’లో గదికి గోడలు లేవు, ఒక కుర్చీ, ఒక దీపం, వెనక ఒకే రంగు. పిల్లవాడు బాధపడితే ఆ రంగు మారుతుంది. పోస్టర్లు, పుస్తక ముఖచిత్రాలు వేసేవారికి నేను మిగిలినవన్నీ పక్కనపెట్టి ముందు దీన్నే చూడమంటాను. చిన్నపిల్లలతో కలిసి చూసేవారికి మాత్రం 1953 నాటి వారి ‘ద టెల్-టేల్ హార్ట్’ వద్దు. అది హత్య కథ, చూసిన రాత్రి పెద్దవారికే నిద్ర పట్టదు.

పిల్లల విషయం వచ్చింది కాబట్టి ఇంకొక మాట. 1930, 40 దశకాల పొట్టి చిత్రాల్లో నల్లజాతివారిని, ఆసియావారిని కించపరిచే వ్యంగ్యరూపాలు ఉన్నవి ఎన్నో ఉన్నాయి. గీత ఎంత బాగున్నా ఆ అవమానం అవమానమే. పిల్లలకు చూపేముందు పెద్దవారు ఒకసారి చూసి ఎంచుకోవాలి.

ఏ ప్రతి చూడాలి

చిత్రాన్ని ఎంచుకోవడం ఎంత ముఖ్యమో ప్రతిని ఎంచుకోవడమూ అంతే ముఖ్యం. చెడ్డ ప్రతిలో పైన చెప్పినవేవీ కనిపించవు. 1950ల మొదటిదాకా వచ్చిన చిత్రాలు దాదాపు చతురస్రానికి దగ్గరైన తెరకు వేసినవి. తెరకు రెండు పక్కలా నల్లపట్టీలు ఉంటే అది సరైన ప్రతి. తెరంతా నిండి ఉంటే పైనా కిందా కోసేశారని అర్థం: పాత్రల చెవులు, పాదాలు, నేపథ్యంలో ఆకాశం పోతాయి. ఉచితంగా దొరికే వీడియోల్లో కొన్నింటిని కుడిఎడమలు తిప్పి, వేగం మార్చి పెడతారు. పాటకూ చేతికీ పొంతన కుదరకపోతే, తెరమీది అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడితే ఆ ప్రతిని వదిలేయండి. ఫ్లైషర్ సూపర్‌మ్యాన్ చిత్రాల హక్కులు ఎప్పుడో చెల్లిపోయాయి కాబట్టి అవి ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, వాటిలో మసకబారినవే ఎక్కువ. నలుపులో కూడా వివరం కనిపించేదాన్ని వెతుక్కోవాలి.

మరీ శుభ్రం చేసిన ప్రతులతోనూ ప్రమాదమే. ఫిల్మ్ తాలూకు సన్నని రేణువులను కంప్యూటర్‌తో తుడిచేటప్పుడు సన్నని గీతలు, కుంచె జాడలు వాటితోపాటే కొట్టుకుపోతాయి. పరీక్ష సులభం. పాత్ర నిలబడి ఉన్న ఫ్రేము దగ్గర ఆపి, వెనకగోడ మీద కుంచె వెంట్రుకల చార కనిపిస్తోందా, పాత్ర అంచుగీత ఎక్కడా తెగకుండా ఉందా అని చూడండి. రెండూ ఉంటే మంచి ప్రతి. గోడ మైనం పూసినట్టుంటే వేరేది చూసుకోవాలి.

టీవీ అమరికల గురించి ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను. మా ఇంట్లో కొత్త టీవీ వచ్చినరోజు టామ్ అండ్ జెర్రీ పెడితే, టామ్ నూనెలో జారుతున్నట్టు కదిలాడు. మేము చూసినవాడు వీడు కాదని పిల్లలు కూడా అన్నారు. కొత్త టీవీల్లో కదలికను నునుపు చేసే అమరిక ఒకటి ఉంటుంది. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను అది సొంతంగా కల్పించి ఇరికిస్తుంది. యానిమేటర్ ఒక బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపింది లెక్క ప్రకారమే. జోన్స్ వేసిన రంగు చారకు అటూ ఇటూ ఇంకో రెండు చారలు కల్పిస్తే ఆ చురుకు చచ్చిపోతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేయండి. రంగులను గాఢం చేసే అమరికను కూడా ఆపితే వాంగ్ పొగమంచు మీ గదిలోకీ వస్తుంది.

ఇక్కడినుంచి మన దేశానికీ ఒక దారి ఉంది. ‘బాంబి’కి పనిచేసిన యానిమేటర్లలో ఒకడైన క్లెయిర్ వీక్స్ భారతదేశంలోనే పుట్టినవాడు. ఆయన 1956లో ముంబయిలోని ప్రభుత్వ చిత్రనిర్మాణ సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి ఇక్కడి చిత్రకారులకు శిక్షణ ఇచ్చాడు. 1957లో వారు జాతక కథ ఆధారంగా ‘ద బన్యన్ డీర్’ తీశారు. అలా నేర్చుకున్నవారిలో రామ్ మోహన్ ఒకరు. జపాన్‌కు చెందిన యుగో సాకోతో కలిసి ఆయన దర్శకత్వం వహించిన ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 1992లో పూర్తయింది, అదే 2025 జనవరిలో తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది. ‘బాంబి’ చూసిన వారంలోనే దీన్ని చూడగలిగితే, అక్కడ అడవిలో వదిలేసిన ఖాళీని, ఇక్కడ పంచవటి మీద పడే వెలుగును పక్కపక్కన పెట్టుకొని, మూడోసారి పాత్రలను వదిలి చెట్లను మాత్రమే చూడండి.